మాఘం ఇంకా సగం ఉంది

వచ్చేటప్పుడు తిథి లేకపోయినా ఫరవాలేదు, వెళ్ళేటప్పుడు ఉండాలి అనేది ఆవిడ. అతిథి అన్న మాటకు ఆవిడ చెప్పుకున్న అర్థం అది. ఢిల్లీ చూడ్డానికని మా ఇంటికి వచ్చి పడే చుట్టాలందరి చేతా ఈ వాక్యం వందసార్లు రాయించాలని నాకు ఉండేది. ఆవిడ మాత్రం దాన్ని ఒకరికి బుద్ధి చెప్పడానికి ఎన్నడూ అనలేదు. తనకు తాను చెప్పుకునేది.

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం కింది ఫ్లాటు పిన్ని పైకొచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్క పోయిందే" అంది. స్పెయిన్‌లో, సముద్రం ఒడ్డున, తను కాపురముండే బండిలో, నిద్రలో పోయిందట. పక్క బండిలో ఉండే ఇంగ్లీషు దంపతులు పొద్దున లేచి చూస్తే ఆవిడ బండి మెట్టు ముందు ముగ్గు లేదట. ముగ్గు పడలేదంటే ఏదో జరిగిందని వాళ్ళే వెళ్ళి తలుపు తట్టారట. ఆ సంగతి వినగానే నాకు ఏడుపు కంటే ముందు గర్వం వచ్చింది. ఎక్కడో స్పెయిన్‌లో ఇద్దరు ఇంగ్లీషు ముసలివాళ్ళు పొద్దున్నే మా తెలుగావిడ ముగ్గు కోసం చూడ్డం అలవాటు చేసుకున్నారు మరి.

పిన్ని నాకు రక్తసంబంధం కాదు. ఢిల్లీ అంచున ఇందిరాపురంలో మా బ్లాకులో మూడంటే మూడు తెలుగు ఇళ్ళు. అందులో గోదావరి వాళ్ళం మేమిద్దరమే. వాళ్ళాయన, నేను బాబాయిగారని పిలిచేది ఆయన్నే, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంకా చేస్తున్నాను. పోయినావిడ పిన్నికి సొంత అక్క. మొదటిసారి చూసినప్పుడు ఇక్కడి అలవాటుకొద్దీ నమస్తే ఆంటీ అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మా చెల్లెల్ని పిన్నీ అంటున్నావుగా. అప్పుడు నేను నీకు దొడ్డమ్మని అవుతాను. ఆంటీ అంటే ఏ వరసా కాదు" అంది. ఆ రోజు నుంచీ దొడ్డమ్మే. ఇరవయ్యేళ్ళ ఢిల్లీ నా నోట్లోంచి మింగేసిన వరసల్లో ఒకదాన్ని ఆవిడ వచ్చీ రాగానే వెనక్కి తెప్పించింది.

గుంటూరులో నర్సు చదువు చదివి, కుర్రతనంలోనే ఇంగ్లండు వెళ్ళి, అక్కడి ఆసుపత్రుల్లో జీవితమంతా పనిచేసి, అక్కడి పాస్‌పోర్టు తీసుకుంది. మొగుడూ తెలుగాయనే. ఇద్దరూ రిటైరయ్యాక ఆయన ముచ్చటపడి ఇల్లులాంటి బండి ఒకటి కొన్నాడు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. ఇంగ్లండు చలికి మోకాళ్ళు పట్టేసే వాళ్ళందరూ చేసినట్టే వాళ్ళిద్దరూ దసరా వెళ్ళగానే ఆ బండేసుకుని స్పెయిన్ పోయి, సముద్రం ఒడ్డున ఎండలో ఉండి, ఉగాదికి ఇల్లు చేరేవాళ్ళు. దాన్ని అందరూ మోటర్‌హోమ్ అంటారు. ఆవిడ మకాం అనేది. మకాం ఎక్కడ, మకాం ఎత్తేశాం, మకాం బావుంది. ఆ బండికి ఇంతకంటే సరైన మాట ఏ భాషలోనూ ఉండదని నా నమ్మకం.

తర్వాత రెండూ ఒక్కసారే జరిగాయి. ఆయన పోయాడు. ఇంగ్లండు యూరపు నుంచి విడిపోయింది. అంతవరకు ఎన్నాళ్ళయినా ఉండగలిగిన చోట ఇప్పుడు ఆర్నెల్లకి తొంభై రోజులే అన్నారు. ఒక్కరోజు ఎక్కువైతే ఓవర్‌స్టే అని రాసుకుంటారు, మళ్ళీ రానివ్వకపోవచ్చు. ఒడ్డున ఉన్న ఇంగ్లీషు వాళ్ళందరూ తలలు పట్టుకున్నారట. విడిపోవాలని ఓటేసినవాళ్ళే ఎక్కువ తిట్టుకున్నారని చెప్పి దొడ్డమ్మ పడీ పడీ నవ్వేది. "నా చిన్నప్పుడు ఇండియా పాస్‌పోర్టు పట్టుకుని ప్రతి కిటికీ దగ్గరా నిలబడ్డానే. లెక్కపెట్టుకుని బతకడం నాకు కొత్తేం కాదు. వాళ్ళకి కొత్త, పాపం" అనేది. ఆ పాపం అన్న మాటలో జాలి ఎంతో, సరదా కూడా అంతే ఉండేది.

వాళ్ళకి లెక్క నేర్పింది కూడా ఈవిడే. వాళ్ళేమో వెళ్ళే తారీఖులోంచి వచ్చిన తారీఖు తీసేసేవాళ్ళు. అది తప్పు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరే రోజూ లెక్కే. పురిటి లెక్క అని చెప్పిందట వాళ్ళకి. పిల్ల పుట్టిన రోజు ఒకటి అనుకుంటేనే కదా మనకు పదకొండో రోజు పురుడు. పురుడు అంటే ఏమిటో వాళ్ళకి ఇంగ్లీషులో ఎలా విడమర్చి చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి. కానీ వాళ్ళు నేర్చుకున్నారు. ఆ ఒడ్డున ఇప్పటికీ పురుడు అనే అంటారని చెప్పేది. నేను నమ్మను, అయినా వినడానికి బావుంటుంది.

మొగుడున్నన్నాళ్ళూ ఆవిడ స్టీరింగు ముట్టలేదు. నేనూ ఆ బండి సామాన్లలో ఒకదాన్ని అనేది. ఆయన పోయాక అందరూ బండి అమ్మేయమన్నారు. ఆవిడ వెళ్ళి పెద్ద బండి నడపడం నేర్చుకుంది. అరవై దాటాక నేర్చుకుంది. మరుసటి శీతాకాలం ఒక్కతే బండిని ఓడెక్కించి స్పెయిన్ తీసుకెళ్ళింది, తొంభై నిండకముందే వెనక్కి తెచ్చింది. అక్కడితో శీతాకాలం సగమే అవుతుంది. మిగతా సగం ఏం చెయ్యాలి? జనవరి చివర్లో విమానమెక్కి చెల్లెలి దగ్గరికి వచ్చింది. ఢిల్లీ పొగ కాస్త విడిచి, ఎండ తియ్యగా ఉండే రోజులవి.

మొదటి ఏడు పిన్ని వాళ్ళ ఫ్లాటులోనే ఉంది. అప్పుడే ఆవిడ వింతలన్నీ చూశాను. బకెట్టులో సగం నీళ్ళతో స్నానం ముగించేది. బియ్యం కడిగిన నీళ్ళు తులసికి పోసేది. మా ఇంటికొస్తే మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి వంటింటి అలమరల తలుపులన్నీ ఒకటొకటిగా నొక్కి మూసేది. బండిలో తలుపు తెరిచి ఉంటే మొదటి మలుపులో పప్పు డబ్బా నెత్తిన పడుతుంది కదా. మా ఇల్లు ఏ మలుపూ తిరగదు దొడ్డమ్మా అంటే, "ఎవరికి తెలుసే" అనేది. రెండు వారాలు అయ్యేసరికి పిన్ని ఎంత బతిమాలినా ఒకటే మాట. చెల్లెలి ఇల్లు చెల్లెలిదే, నా గడప నాకు కావాలి. ఆ మాట బాబాయిగారికి కాస్త మనసుకు తగిలింది కూడా. చివరికి ఆయనే దారి చూపించారు. ఇక్కడా ఒక బండి కట్టించుకుంటే సరి.

అలా నేను ఒక శనివారం దుబాసీగా ఫరీదాబాద్ వెళ్ళాను, బస్సులకు బాడీలు కట్టే ఒక షెడ్డుకి. బాబాయిగారి పేరున పాతదో టెంపో కొన్నారు. లోపల సీట్లన్నీ పీకేసి ఉంది. మిస్త్రీ రంగురంగుల లైట్లు చూపించాడు, టీవీ ఇక్కడ, సోఫా అక్కడ, పార్టీకి పదిమంది పడతారన్నాడు. ఎంతమంది ఉంటారు మేడమ్ అని అడిగాడు. ఒక్కదాన్నే అని చెప్పించింది. అతను నా వైపు తిరిగి, సరిగ్గా అడిగావా దీదీ అన్నాడు.

అప్పుడు దొడ్డమ్మ చేసిన పని నేను బతికున్నంతకాలం మరిచిపోను. పైట నడుముకు దోపి, ఆ ఖాళీ బండి ఎక్కి, రేకు నేల మీద, నూనె మరకల మీద, నేత చీరతోనే వెల్లకిలా పడుకుంది. పడుకుని పైకి చూస్తూ నాతో, "సుద్దముక్కతో నా తలకాడో గీత, కాళ్ళకాడో గీత గీయమను. అంతే మంచం. మిగిలింది ఇల్లు" అంది. మిస్త్రీ చెప్పులు విడిచి బండెక్కి గీతలు గీశాడు. ఇక లైట్ల మాట ఎత్తలేదు. ప్రతి అరకీ గొళ్ళెం, పచ్చడి జాడీలకి గుంటలు, తలుపు దగ్గర ఇనప మెట్టు అన్నీ ఆవిడ చెప్పినట్టే చేశాడు. కుర్చీలు మాత్రం రెండు పెట్టమంది. రెండోది ఎవరికని అడిగితే, వచ్చినవాళ్ళకి అంది. నేను చాలా సాయంత్రాలు ఆ రెండో కుర్చీలో కూర్చున్నాను.

ఆ బండి పిన్ని ఫ్లాటు ఎదురుగా, గెస్టు పార్కింగు మూలలో నిలబడింది. అది చిన్న మకాం. స్పెయిన్‌ది పెద్ద మకాం. నిలబెట్టడం కూడా ఒక తతంగమే. చక్రాల కింద చెక్కలు పెట్టి ఎత్తు సరిచేసి, లోపల బల్ల మీద కంచంలో చారు పోసి చూసేది. చారు ఒక పక్కకి పోతే ఇంకో చెక్క. కంచంలో చారు నిలకడగా ఉంటేనే మకాం కుదిరినట్టు. ఆ తర్వాత ఆ చారే అన్నంలో కలుపుకుని తినేసేది. పొద్దున్నే ఇనప మెట్టుకు పసుపు రాసి, దాని ముందు తారు మీద అరచేయంత ముగ్గు పెట్టేది. సొసైటీ పిల్లలు ఆ బండిని ఘర్-గాడీ, అంటే ఇంటిబండి, అన్నారు. ఆవిడకి ఆ పేరు నచ్చింది.

ఒకసారి ఆ రెండో కుర్చీలో కూర్చుని నేను అందరూ అడిగే మాటే అడిగాను. ఈ తిరుగుడు ఎందుకు దొడ్డమ్మా, ఇక్కడే ఉండిపోవచ్చు కదా, చెల్లెలుంది, మేమున్నాం అని. ఆవిడ గొళ్ళెం తీసి, ఆవకాయ జాడీ దించి, నా చేతిలో ముద్ద పెట్టి, మళ్ళీ గొళ్ళెం వేశాక చెప్పింది. "ఉండడం వేరే, ఉండిపోవడం వేరే. ఉండిపోయినవాళ్ళని ఎవరూ చూడరు."

మా సొసైటీ ప్రెసిడెంటు గారి గురించి ఇక్కడ చెప్పాలి. కాశీ వైపు మనిషి. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నోటీసు రాస్తే ఆఫీసు హిందీలో రాస్తాడు, మాట్లాడితే తిథుల్లో మాట్లాడతాడు. ప్రతి ఏడూ పుష్య పున్నమి నుంచి నెలరోజులు ప్రయాగ వెళ్ళి, గంగ ఒడ్డున గుడారంలో ఉండి, ఒంటిపూట తిని, మూడుపూటలా మునిగి వస్తాడు. కల్పవాసం అంటారు దాన్ని. బండి కట్టించుకున్నాక ఒక ఏడు ఆయన ప్రయాగ బయల్దేరబోతూ దొడ్డమ్మ బండి చూశాడు. లోపలికి తొంగి చూసి, గొళ్ళేలు చూసి, పసుపు మెట్టు చూసి ముచ్చటపడ్డాడు. మీదీ కల్పవాసమే బెహన్‌జీ అన్నాడు. ఎన్నాళ్ళుంటారని అడిగాడు. మీరెన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళు, కానీ చెప్పాలి అంది ఆవిడ. తిథి లేకుండా ఉండదు కదా. ఆయన ధారాళంగా, "మాఘ్ భర్ రహియే" అన్నాడు. మాఘమంతా ఉండండి. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ తలూపి, లోపల గోడకున్న తెలుగు క్యాలెండరు వైపు ఒక చూపు చూసింది. ఆయన గంగకి వెళ్ళిపోయాడు.

నెల తర్వాత తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడే సొసైటీ వాట్సప్ గ్రూపులో ఆయన పేరున ఒక మెసేజి పడింది. గెస్టు పార్కింగులో ఉన్న వాహనం అనుమతించిన గడువు దాటి ఓవర్‌స్టే చేస్తోంది, వెంటనే తీసేయవలెను. శనాదివారాలు చుట్టాలు వచ్చే ఇళ్ళవాళ్ళు ఆయన రాగానే ఫిర్యాదు చేసి ఉంటారు. దాని కింద బొటనవేలి బొమ్మలు వరసగా పడ్డాయి.

పిన్ని ఆ మెసేజి అక్కకు చూపించకుండా ఉండాల్సింది. చూపించింది. నేను కిందికి వెళ్ళేసరికి దొడ్డమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. అంతకుముందు ఏనాడూ ఆవిణ్ణి అలా చూడలేదు. తీసేయమన్నందుకు కాదు. తీసేయడం ఎంతసేపు, గంటలో ఎత్తేస్తాను అంది. ఆవిణ్ణి కోసింది ఓవర్‌స్టే అన్న ఒక్క మాట. సముద్రం ఒడ్డున ఏళ్ళ తరబడి ఆ మాట తన మీద పడకుండా కాచుకుంది. ఒకసారి జ్వరంతో బండి నడుపుకుంటూ సరిహద్దు దాటింది, ఆ మాట పడకూడదని. "పరాయి దేశంలో పడలేదే ఆ మాట. చెల్లెలి వాకిట్లో పడింది" అంది. నాకు వెంటనే గ్రూపులో నాలుగు కడుగుదామనిపించింది. ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. ఆదివారం మీటింగు ఉందిగా, అక్కడే మాట్లాడదాం అంది. అప్పటికి తప్పెవరిదో మాకిద్దరికీ తెలియదు. తప్పు చెయ్యలేదని మాత్రం ఆవిడకి తెలుసు.

మా సొసైటీ మీటింగులు చలికాలంలో పార్కులో ఎండలో జరుగుతాయి. ప్లాస్టిక్ కుర్చీలు, వేరుశనక్కాయలు, కమలాపళ్ళు. దొడ్డమ్మ నేత చీర మీద బూడిదరంగు స్వెట్టరు వేసుకుని, కాళ్ళకు ఎప్పుడూ వేసుకునే తెల్ల నర్సు బూట్లతోనే వచ్చింది. నా హిందీ రెండో గేరు దాటదు, నువ్వు పక్కనుండు అంది. మా మాట వచ్చేసరికి ప్రెసిడెంటు గారు పెద్దమనసు చేసుకున్నాడు. కాస్త సిగ్గుపడ్డట్టు కూడా అనిపించింది. పెద్దవారు, ఆడవారు, ఇంకో రెండు మూడు రోజులు ఉండండి, ఎవరూ ఏమీ అనరు అన్నాడు. అందరూ తలలూపారు. అక్కడితో గొడవ తీరిపోయేదే. వేరేవాళ్ళయితే దండం పెట్టి వచ్చేసేవాళ్ళు, నాతో సహా.

దొడ్డమ్మ లేచి నిలబడింది. "దో-తీన్ దిన్ నహీ చాహియే. వో షబ్ద్ వాపస్ చాహియే" అంది.

రోజులు అక్కర్లేదు, ఆ మాట వెనక్కి కావాలి. వేరుశనక్కాయలు ఒలిచే చేతులు ఆగాయి. ఏ మాట అని అడిగాడు ఆయన. ఓవర్‌స్టే అంది. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. మాఘమంతా ఉండమన్నాను, మాఘం అయిపోయింది, మాఘ పున్నమికి ఆఖరి మునక మునిగే నేను వచ్చాను, అయినా బండి ఇక్కడే ఉంది, దాన్ని ఇంకేమంటారు?

నేను దాన్ని తెలుగులోకి మార్చి చెప్పాను. దొడ్డమ్మ నా వైపు వింతగా చూసి, "అయిపోవడం ఏవిటే? మాఘం ఇంకా సగం ఉంది" అంది.

నేను అదే హిందీలో అన్నాను. అందరూ నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు. నెలరోజులు గడ్డకట్టే నీళ్ళలో మునిగొచ్చిన మనిషికి మాఘం ఇంకా సగం ఉందని చెబితే ఎవరికైనా మండుతుంది. నాకు మాఘం నేర్పిస్తారా అన్నాడు. గొంతు పెరిగింది. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ ఉండి, వాళ్ళ పండగలకు వాళ్ళింటా మన పండగలకు మనింటా తిని, ఆఫీసులో ఇంగ్లీషు తారీఖులతో బతికేసిన నాకు, ఎవరి మాఘం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూడాల్సిన అవసరమే రాలేదు.

దొడ్డమ్మ నన్ను పక్కకి జరిపి, తనే ముందుకు వెళ్ళి, తన రెండో గేరు హిందీలోనే, మీ శివరాత్రి ఏ నెలలో అని అడిగింది. "ఆప్‌కా శివరాత్రి కౌన్‌సా మహీనా?"

ఫాగున్, అంటే ఫాల్గుణం, అన్నాడాయన. ఇది అడగాలా అన్నట్టు.

"హమారా శివరాత్రి మాఘ్."

అయితే మీకు శివరాత్రి వేరే రోజా అన్నారు ఎవరో. కాదంది. ఏ రోజని ఆయన అడిగాడు. వచ్చే వారం ఫలానా రోజంది. ఆయనదీ అదే రోజు. "శివ్ ఏక్. దిన్ ఏక్. మహీనా దో" అంది దొడ్డమ్మ, రెండు వేళ్ళు చూపించి. వెనక కుర్చీలోంచి ఎప్పుడూ నోరు తెరవని ఒక మరాఠీ ఆవిడ, మా శివరాత్రి కూడా మాఘమే అంది మెల్లగా.

అప్పటికి నాకూ వెలిగింది. ఇక్కడివాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది. మనకి అమావాస్యతో. ఒకే చంద్రుణ్ణి చూసి వాళ్ళు నిండగానే లేస్తారు, మనం కరిగేదాకా కూర్చుంటాం. మాఘమంతా ఉండమని ఆయన హిందీలో అన్నాడు, ఈవిడ తెలుగులో వింది. మధ్యలో పదిహేను రోజులు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ గడువు దాటలేదు.

ప్రెసిడెంటు గారు పంచాంగం తెలిసిన మనిషి. దక్షిణాది లెక్క వేరని ఎక్కడో చదివే ఉంటాడు, గుర్తు రాలేదంతే. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఫోను తీసి, ఒక్క వేలితో ఏదో కొట్టాడు. అందరి జేబుల్లోనూ ఫోన్లు ఒక్కసారి మోగాయి. ఆఫీసు హిందీలో ఒకే వాక్యం. ఓవర్‌స్టే అన్న శబ్దం వెనక్కి తీసుకోబడినది.

నా ఉద్యోగంలో ఎన్నో ఫైళ్ళు గెలిపించాను, ఎన్నో మీటింగుల్లో మా సెక్షన్ మాట నిలబెట్టాను. ఆ ఆదివారం పార్కులో ఆ తెల్ల బూట్ల పక్కన నిలబడ్డప్పుడు కలిగిన గర్వం మాత్రం ఇంకెప్పుడూ కలగలేదు. దొడ్డమ్మ ఆయనకి నమస్కారం పెట్టి, ధన్యవాద్ అని, ఆ హుషారులోనే పళ్ళెంలోంచి గుప్పెడు వేరుశనక్కాయలు తీసుకుని వచ్చేసింది.

మన లెక్కన అమావాస్య దాకా ఉండొచ్చు. ఆవిడ శివరాత్రి పొద్దున్నే ఉపవాసంతో బయల్దేరింది. అమావాస్య నాడు మనవాళ్ళు ప్రయాణం పెట్టుకోరు కదా, అదొకటి. ఇంకోటి ఆవిడ పద్ధతి. గొళ్ళేలన్నీ వేసి, మెట్టు మడిచి, బండి చుట్టూ ఎప్పుడూ చేసే ఒక్క ప్రదక్షిణం చేస్తూ ఉంటే ప్రెసిడెంటు గారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చిన్న సంచీలో రేగుపళ్ళు పట్టుకుని వచ్చాడు. శివుడికి పెట్టినవి, దారిలో మీకు అన్నాడు. మీ మాఘంలో ఇంకో రోజు మిగిలే ఉంది కదా బెహన్‌జీ అని నవ్వాడు. దొడ్డమ్మ దానికి తెలుగులోనే, నా వైపు తిరిగి జవాబు చెప్పింది. "చెప్పు ఆయనకి. మిగిలుండగానే లేవాలి." నేను చెప్పాను. ఆయన ఆ మాటని హిందీలో తనలో తను ఇంకోసారి అనుకున్నాడు. బండి గేటు దాటి కొండల వైపు వెళ్ళిపోయింది. తారు మీద అరచేయంత ముగ్గు సాయంత్రం దాకా ఉంది. ఆ రోజు దాని మీద ఎవరూ కారు పెట్టలేదు.

కొన్నాళ్ళు కొండల్లో ఉండి, బండిని ఫరీదాబాద్ షెడ్డులో పెట్టి, ఇంగ్లండు విమానమెక్కుతూ మళ్ళీ జనవరికి వస్తానంది. చెక్కలు, చారు కంచం పిన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళింది.

డిసెంబరులో పిన్ని గుమ్మంలో ఆ మాట చెప్పి వెళ్ళాక ఆ సాయంత్రమే నేను ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. విని, చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎక్కడ, ఎలా అని అడిగాడు. ముగ్గు సంగతి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, ఆవిడ ఎప్పుడూ చెప్పే ఆ తొంభైలో ఇంకా రోజులున్నాయా అని అడిగాడు. ఉన్నాయని చెప్పాను. పిన్ని కూడా అదే మాట పదేపదే అంటోంది, అక్క అక్కడ కూడా ఒక్కరోజు ఎక్కువ ఉండలేదని. ఆయన తలూపి, లిఫ్టు దగ్గరా గ్రూపులోనూ పెట్టడానికి సంతాపం నోటీసు రాయడానికి కూర్చున్నాడు. పోయినవాళ్ళకు తారీఖుతో పాటు తిథి రాయడం ఆయన అలవాటు. పంచాంగం చూసి, పౌష్ కృష్ణ ద్వాదశి అని రాశాడు. రాసి, ఆగాడు. కలం ఎత్తి, "ఉన్‌కే హిసాబ్ సే?" అని నన్ను అడిగాడు, ఆవిడ లెక్కన ఏ నెల అని.

మార్గశిరం అని చెప్పాను. ఆయన పౌష్ కొట్టేసి మార్గశీర్ష్ అని రాశాడు.

నోటీసు గ్రూపులో పడి గంట కాలేదు, ఎవరో అడిగారు. ప్రెసిడెంట్ సాబ్, తిథి తప్పు పడింది, మార్గశీర్ష్ పున్నమితోనే అయిపోయింది కదా అని. మొత్తం కథంతా చెప్పాలని నేను ఫోను తీసుకుని పెద్ద వ్యాసమే మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఆయన జవాబు వచ్చేసింది.

తిథి సరిగ్గానే ఉంది. ఆవిడ నెల ఇంకా మిగిలే ఉంది.

నేను రాసింది చెరిపేసి ఫోను పక్కన పెట్టాను.